పసుపు కుప్ప చుట్టూ ఒక స్పానిష్ క్రియ

నా దగ్గర రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంది. దాని అట్ట మీద పడిన పసుపు మరకలు ఎంత తుడిచినా పోలేదు. మొదటి పేజీలో స్కేలు పెట్టి గీసిన ఆరు గడులున్నాయి. ఆ గడుల్లో ఒకే మాటను ఆరు రూపాల్లో రాసుకున్నాను: త్రబాహో, త్రబాహాస్, త్రబాహా, త్రబహామోస్, త్రబహాయిస్, త్రబాహాన్.

త్రబహార్ అంటే స్పానిష్ భాషలో పని చేయడం. చివరనున్న ‘ఆర్’ను తీసివేసి, పని చేసేవారిని బట్టి ఆరు తోకల్లో తగినదాన్ని తగిలించాలి. నేనయితే త్రబాహో, నువ్వయితే త్రబాహాస్, ఆమె గాని అతడు గాని అయితే త్రబాహా, మేమయితే త్రబహామోస్, మీరందరూ అయితే త్రబహాయిస్, వాళ్ళయితే త్రబాహాన్. ఈ ఒక్క క్రియ వస్తే దానిలాగే నడిచే వందల క్రియలు వచ్చినట్టే. తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. చేస్తాను, చేస్తావు, చేస్తుంది అంటూ మనం కూడా మాట మొదలును కదలనీయకుండా చివరను మార్చుకుంటూనే ఉంటాం. ఆన్‌లైన్‌లో నాకు పాఠం చెప్పిన మేడం మొదటి రోజే, “మీకు ‘త’ నోట్లోనే ఉంది, ఇంగ్లీషు ‘ట’ను మాత్రం దగ్గరికి రానివ్వకండి” అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. చదువులో నాకు ముందుగానే కొంత వచ్చి ఉందని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

మాది ఎడపల్లి దగ్గర ఒక ఊరు. కాలువ నీటి కింద వరి, చెరకు పండిస్తారు. మెరక భూముల్లో పసుపు వేస్తారు. నిజామాబాద్‌లో డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్ళపాటు నేను పెట్టని దరఖాస్తు లేదు. ఒకసారి బాపుతో, అంటే మా నాన్నతో, కలిసి పసుపు మార్కెట్ యార్డుకు వెళ్ళినప్పుడు అక్కడి గోడ మీద ఒక కాగితం చూశాను. డిచ్‌పల్లి దాటాక రహదారి పక్కన పసుపు పొడి చేసి విదేశాలకు పంపే చిన్న సంస్థ ఒకటి ఉంది. మెక్సికో కొనుగోలుదారులతో స్పానిష్‌లో మాట్లాడగల మనిషి వారికి కావాలట. మరుసటి రోజు ఆటో, బస్సు, మళ్ళీ ఆటో మారి అక్కడికి చేరాను. యజమాని నలభై దాటిన మనిషి. పసుపు వ్యాపారం చేసే కుటుంబంలోనే పుట్టినవారు.

“స్పానిష్ వస్తదా అమ్మా?”

“ఇప్పుడు రాదు సార్. నేర్చుకుంటాను.”

“తర్జుమా ఫోన్ గూడ చేస్తది. కని ఫోన్‌తోని బేరం కాదు. అవతలి మనిషికి నమ్మకం కలగాలె. ఏడాదికి రాగలవా?”

“ఎనిమిది నెలలకు వస్తాను సార్.”

మాట ప్రకారం ఎనిమిది నెలలకు వెళ్ళాను. రాత పరీక్షలో పది క్రియలిచ్చి వర్తమాన కాలంలో ఆరేసి రూపాలు రాయమన్నారు. అరవై రూపాలూ తప్పు లేకుండా రాశాను. సార్ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, అచ్చు వేసినట్టుందని మెచ్చుకున్నారు. ఆ తరువాత మాట పరీక్ష. హైదరాబాద్‌లో స్పానిష్ నేర్పే ఒక పెద్దావిడకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. ఆమె నెమ్మదిగా, దయగానే అడిగారు: “తుస్ పాద్రెస్ త్రబాహాన్ ఎన్ ఎల్ కాంపో?” మీ అమ్మానాన్నలు పొలంలో పని చేస్తారా అని ఆ ప్రశ్నకు అర్థం.

ప్రశ్న పూర్తిగా అర్థమైంది. జవాబు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. అయినా నా లోపల ఏం జరిగిందంటే, త్రబాహో నుంచి మొదలైంది. త్రబాహో, త్రబాహాస్, త్రబాహా...

మా ఊరి బడిలో ఎక్కాలు నేర్చుకున్నవారికి ఈ జబ్బు తెలిసే ఉంటుంది. ముందుకూ వెనక్కూ ఊగుతూ, అందరం ఒకే గొంతుగా, పై నుంచి కిందికి చదివేవాళ్ళం. ఏడెనిమిదులెంత అని ఎవరైనా అడిగితే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి మెట్లన్నీ దిగితే గాని యాభై ఆరు దొరికేది కాదు. స్పానిష్‌ను కూడా నేను అలాగే నేర్చుకున్నాను. తెల్లవారుజామున పెరట్లో ఊగుతూ చదివాను. ఏ రూపం కావాలన్నా మొదటి మెట్టు నుంచి దిగాలి.

నేను ఆరో మెట్టుకు చేరేసరికి అవతలి నుంచి రెండో ప్రశ్న వచ్చింది: “దోందె బీబెస్?” నువ్వెక్కడ ఉంటావు? సరిగ్గా అప్పుడే నా నోట్లోంచి గట్టిగా, గర్వంగా, “త్రబాహాన్!” అని వచ్చింది.

ఎక్కడుంటావని అడిగితే, పని చేస్తారని చెప్పాను.

ఆ పెద్దావిడ నవ్వు ఆపుకున్నారని ఫోన్‌లో కూడా తెలిసింది. మిగిలిన ప్రశ్నలకు నేను ఒక ప్రశ్న వెనకబడే నడిచాను. ఫోన్ పెట్టేశాక సార్ నన్ను కూర్చోమన్నారు.

“ఎక్కం అప్పజెప్తున్నవా అమ్మా? పెదవులు కదులుతున్నయ్, మాట వస్తలేదు.”

“అన్నీ వచ్చు సార్.”

“వచ్చని నాకు తెలుసు. కాగితం సూసిన గద. నెల దినాలకు మెక్సికో మేడం వీడియోల మాట్లాడుతది. అప్పటిదాక వేరే మనిషిని పెట్టుకోను. ఆ రోజు మాట్లాడితివా, ఈ కుర్చీ నీది. లేకుంటే హైదరాబాద్ నుంచి మనిషి వస్తడు. నన్ను ఏమనుకోవద్దు.”

ఆ కుర్చీని నేను తిరిగి చూశాను. మామూలు ప్లాస్టిక్ కుర్చీయే. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసినవారు అప్పటికి ఎవరూ లేరు.

ఇంటికి వచ్చేసరికి మా చేనులో పసుపు తవ్వకం అయిపోయింది. కళ్లంలో నడుము ఎత్తు కుప్ప పోసి ఉంది. తవ్విన పసుపును ఉడకబెట్టే ముందు మండను, కొమ్ములను వేరు చేయాలి. మండ అంటే మధ్యనుండే గుండ్రటి తల్లి దుంప. కొమ్ములు దానికి వేళ్ళలా అంటుకుని ఉంటాయి. వాటిని చేత్తో విరిచి ఒక పక్కకు కొమ్ములు, ఒక పక్కకు మండలు వేస్తారు. కుళ్ళినవి, విత్తనానికి పనికివచ్చేవి వేరే వేస్తారు. మా దగ్గర ఈ పనికి కూలివాళ్ళను పిలవరు. ఒకరి కళ్లంలో ఒకరు వంతుల వారీగా చేసుకుంటారు. దాన్ని బదులు అంటాం. ఆ వారం మా వంతు. మా అవ్వతో పాటు మరో నలుగురు వచ్చారు. అమ్మను మేము అవ్వ అని పిలుస్తాం. వచ్చినవారిలో ఒకరు మా చిన్నమ్మ, ఒకరు మా మేనత్త, ఒకరు పక్కింటి కొత్త కోడలు. నాలుగో ఆవిడ కాలువ అవతలి పొలం ఆసామి భార్య. వారి మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న కుటుంబం. ఆమెను అందరం పిన్నిగారూ అంటాం.

నేను కూడా కుప్ప దగ్గర కూర్చున్నాను. చేతులు విరుస్తున్నాయి, పెదవులు మాత్రం వాటి పనిలో అవి ఉన్నాయి.

“ఏందే బిడ్డా, జపం జేస్తున్నవా?” అంది మేనత్త.

“పాపం, పరీక్ష పోయింది గద, దేవుణ్ణి తిడుతుందేమో,” అంది చిన్నమ్మ.

“ఊరుకోండమ్మా, చదువుకునే పిల్లని ఏడిపిస్తారేంటి?” అన్నారు పిన్నిగారు. “ఏవమ్మాయ్, పైకి చదువు, మేవూ వింటాం.”

పైకి చదివాను. త్రబాహో నుంచి త్రబాహాన్ దాకా ఊపుగా అప్పజెప్పాను. కొత్త కోడలు చప్పట్లు కొట్టింది. మా అవ్వ మాత్రం చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఆమె బడి గడప తొక్కలేదు. కాని పనిలో ఎవరి చెయ్యి ఎక్కడ తడబడుతుందో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

“ఇంత మంచిగొస్తున్నదాయె. మరి ఆడేమాయె?”

జరిగింది చెప్పాను. ఏ మాట అడిగినా మొదటి నుంచి వస్తే గాని దొరకదని, అప్పటికి అవతలివాళ్ళు ముందుకు పోతారని వివరించాను. అవ్వ కుప్పలోంచి ఒక దుంప తీసింది. దాన్ని చూడనైనా చూడలేదు. ఒక్క తిప్పు తిప్పి విరిచింది. కొమ్ములు ఎడమకు, మండ కుడికి వెళ్ళాయి.

“సూసినవా? ఇది ఏ కుప్పల వెయ్యాలె అని మొదటి కుప్ప కాడికెళ్ళి లెక్కవెడితినా? చెయ్యే పోతది. నువ్వు సదువుడే సదివినవ్, పని జెయ్యలే. ఎన్నున్నయ్ అవి?”

“ఆరు.”

“మనమెంతమందిమి?”

“నాతో కలిపి ఆరుగురం.”

“గట్లయితే పంచు.”

ఆ విధంగా త్రబహార్ మా కళ్లంలో పంపకానికి వచ్చింది. ‘నువ్వు’ కొత్త కోడలికి, ‘ఆమె’ చిన్నమ్మకు, ‘వాళ్ళు’ మేనత్తకు వెళ్ళాయి. పిన్నిగారిని మేమెప్పుడూ మీరనే పిలుస్తాం కాబట్టి ‘మీరందరూ’ ఆమెకు ఇచ్చాం. ‘మేము’ తనకు కావాలని అవ్వ ముందే చెప్పింది. మిగిలిన ‘నేను’ నాది. ఆట నియమం అవ్వే పెట్టింది. ఆమె ఒక కొమ్మును ఎవరి ఒడిలోకి విసిరితే, అది పడేలోగా నేను వారి మాట చెప్పాలి.

మొదటి కొమ్ము మేనత్త ఒడిలో పడింది. నేను త్రబాహో, త్రబాహాస్ అంటూ మెట్లు దిగుతున్నాను.

“పడ్డదీ!” అని మేనత్త అరిచింది. “నా పని అయిపోయి, ఇంటికి పోయి, అన్నం గూడ తిన్న!”

అందరూ నవ్వారు. ఆ పూట నేను ఒక్కసారి కూడా గెలవలేదు. సాయంత్రానికి రెండుసార్లు గెలిచాను. రెండో రోజు ఒక కొమ్ము గాలిలో ఉండగానే చిన్నమ్మ వైపు చూసి “త్రబాహా” అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. మెట్లు దిగిన జ్ఞాపకం లేదు. అవ్వ వెంటనే ఇంకో కొమ్ము విసిరింది.

ఆ సాయంత్రం నా పాఠాల మేడం ఒక సంగతి చెప్పారు. మెక్సికోలో ‘మీరందరూ’ అనే ఐదో రూపం వాడరట. అక్కడ ‘మీరందరూ’కు కూడా ‘వాళ్ళు’ రూపమే సరిపోతుందట. మరునాడు ఈ వార్తను పిన్నిగారికి చెప్పడం నాకు కష్టమైంది.

“అంటే నా మాట అక్కడ చెల్లదా?” అన్నారామె, కొమ్ము చేతిలో పట్టుకునే. “రెండ్రోజులు బట్టీ పట్టానమ్మాయ్!”

“మీరు మేనత్తతో కలవాలె పిన్నిగారూ. వాళ్ళల్ల.”

ఆమె పెద్దగా నవ్వారు. “మేవొచ్చి యాభై ఏళ్ళయింది. ఈ ఊళ్ళో ఇప్పటికీ మేవు ‘వాళ్ళే’ కదటే. కలిపెయ్, కలిపెయ్.”

“అయ్యో, గట్లనకుండ్రి,” అంటూ మేనత్త జరిగి తన పక్కనే చోటు చూపించింది. “ఇగ రాండ్రి, ఇద్దరం ఒక్క మాటే అందాం.” ఆ రోజు నుంచి వారిద్దరిలో ఎవరి ఒడిలో కొమ్ము పడినా నా కంటే ముందు వారే “త్రబాహాన్” అని అరిచేవారు.

వేరు చేయడం అయ్యాక ఉడకబెట్టడం, ఎండబెట్టడం మొదలయ్యాయి. పనితో పాటు నా క్రియలు కూడా మారాయి. కడగడానికి లబార్, ఉడికించడానికి కొసినార్, ఎండబెట్టడానికి సెకార్, చూడటానికి మిరార్, అన్నీ త్రబహార్ దారిలోనే నడిచేవి. అమ్మడానికి బెందేర్, విరవడానికి పర్తీర్. వీటి తోకలు కాస్త వేరు, వరస మాత్రం తప్పనివి. పొయ్యి దగ్గర చిన్నమ్మ మూత తీస్తే “కొసీనా” అనుకునేదాన్ని. అందరం కలిసి తెల్ల పట్టాల మీద పసుపు పరుస్తుంటే “సెకామోస్” అనేదాన్ని. మార్కెట్‌కు తోలే ముందు బాపు ఎండిన కొమ్మును రెండు చేతుల మధ్య పెట్టి టక్కున విరిచి, లోపలి రంగు చూసేవాడు. నేను పక్కన నిలబడి “పర్తె, మీరా” అన్నాను. విరుస్తాడు, చూస్తాడు.

“నన్నేమన్న అంటున్నవా?” అన్నాడు బాపు.

“నువ్వు చేసేదే చెప్తున్న బాపూ.”

“చెప్పు, చెప్పు. చేసేటోడు ఉండంగ చెప్పేటోళ్ళకేం తక్కువ,” అంటూ ఇంకో కొమ్ము విరిచాడు. అయితే ఈసారి నేను మాట అనేదాకా ఆగి, ఆ తరువాతే విరిచాడు.

నెల దినాలు నిండిన రోజు సాయంత్రం ఏడింటికి వీడియో కలిసింది. మెక్సికోలో అప్పుడు పొద్దుట. తెర మీద తెల్లజుట్టు ఆవిడ కాఫీ తాగుతూ కనిపించింది. సార్ నా పక్కన నిలబడ్డారు. మేజా మీద పళ్ళెంలో మచ్చు కొమ్ములున్నాయి. నా చెయ్యి తనంత తానే వెళ్ళి ఒకదాన్ని పట్టుకుంది.

పలకరింపులయ్యాయి. అప్పుడు ఆవిడ, కొమ్ములను ఎవరు వేరు చేస్తారు, యంత్రమా, మనుషులా అని అడిగింది. సెపరార్ అంటే వేరు చేయడం. నేను ఊగలేదు. నా కళ్ళకు మేనత్త, పిన్నిగారు పక్కపక్కన కూర్చుని కనిపించారు.

“లాస్ ముహేరెస్ సెపారాన్,” అన్నాను. ఆడవాళ్ళు వేరు చేస్తారు.

ఉడికించేదీ వాళ్ళేనా? కొసీనాన్. ఎన్నాళ్ళు ఎండబెడతారు? సెకామోస్, పదిహేను రోజులు. ఎండిందని మీకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు నేను చేతిలోని కొమ్మును కెమెరా ముందుకు తెచ్చి విరిచాను. టక్కున శబ్దం వచ్చింది. “పర్తీమోస్ ఇ మిరామోస్,” అన్నాను. విరుస్తాం, చూస్తాం. లోపలి నారింజ రంగు తెరకు ఆనించి చూపించాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి ముందుకు వంగింది. అక్కడి నుంచి ఆవిడ నెమ్మదిగా అడగడం మానేసి తన మామూలు వేగంతో మాట్లాడసాగింది. నేను ప్రశ్నకు ప్రశ్నగా, ఒక్కటి కూడా వెనకబడకుండా, జవాబు చెబుతూ పోయాను.

అప్పుడు ఆవిడ నవ్వి అడిగింది: మరి మీరు? మీరూ వాళ్ళతో కలిసి పని చేస్తారా?

ఆ నెలంతా ఆటలో నా ఒడిలోకి ఎవరూ కొమ్ము విసరలేదు. చెప్పేది నేను కాబట్టి నా వంతు ఎప్పుడూ రాలేదు. ‘నేను’ అనే మాటను మెట్లు దిగడానికి మొదటి మెట్టుగా తొక్కానే గాని, అక్కడ ఒక్కసారి కూడా నిలబడలేదు. ఇప్పుడు ఆ మాట ఒక్కటే కావాలి. దాని వెనుక ఏ వరసా అవసరం లేదు.

నా చేతుల వైపు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో పసుపు ఉంది. రెండు చేతులూ కెమెరాకు చూపించాను.

“సీ,” అన్నాను, అవునని. “త్రబాహో.”

అంతటితో ఆగిపోయాను. కిందికి దిగాలనిపించలేదు.

ఆవిడ సార్‌కు ఏదో చెప్పమంది. సార్ నా వైపు చూశారు. అది ఆయనకు చెప్పడానికి నాకు సిగ్గు వేసింది, అయినా తర్జుమా చేయడమే నా పని కాబట్టి చెప్పాను: “ఇక నుంచి ప్రతిసారీ ఈ అమ్మాయితోనే మాట్లాడతానంటున్నారు సార్. మచ్చు ఈ వారమే పంపమన్నారు. పని చేసే ఆడవాళ్ళను కూడా ఒకసారి చూపించమంటున్నారు.”

తెర ఆరిపోయాక సార్ రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. “మీరేం మాట్లాడుకున్నరో నాకు ఒక్క ముక్క తెల్వదు. కని ఏడ ఆగలే నువ్వు. సోమవారం వచ్చి కూసో.” కుర్చీని తనే కాస్త ముందుకు జరిపారు.

తెల్లారి బదులు పని పిన్నిగారి కళ్లంలో జరుగుతోంది. నేను వెళ్ళేసరికి అందరి చేతులూ ఆగాయి. నేనేమీ చెప్పకముందే కొత్త కోడలు నా ముఖం చూసి ఎగిరి గంతేసింది. మేనత్త నన్ను దగ్గరికి లాక్కుని, పసుపు చేతులతో రెండు బుగ్గలూ పుణికింది. మెక్సికో ఆవిడ వారిని చూడాలంటున్నదని చెప్పి ఫోన్ తెరిచాను. అందరూ గబగబా కొంగులు సర్దుకున్నారు. నేను వీడియో తీస్తుండగా ఎవరూ అడగకుండానే వరస తప్పి అరుపులు మొదలయ్యాయి. చిన్నమ్మ “త్రబాహా” అంది. పిన్నిగారు, మేనత్త ఒకే గొంతుగా “త్రబాహాన్” అన్నారు. అవ్వ తలెత్తకుండా, చేతిలో దుంప విరుస్తూ, “త్రబహామోస్” అంది.

ఆ తరువాత ఆమె కుప్పలోంచి మంచి కొమ్మును ఒకటి ఏరి, తుడిచి, నా వైపు విసిరింది. ఒక చేత ఫోన్ ఉన్నా, రెండో చేత దాన్ని గాలిలోనే పట్టుకున్నాను. అది నా అరచేతిని తాకేలోగా నా మాట చెప్పేశాను.